ఆఖరి రాయి వేసే మనిషి

2002 ఫిబ్రవరి 22. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఆగ్డెన్ అనే ఊరు. సాల్ట్‌లేక్ సిటీ శీతాకాల ఒలింపిక్స్‌లో పురుషుల కర్లింగ్ ఫైనల్ చివరి ఎండ్‌కు వచ్చింది. కెనడా, నార్వే చెరో 5 పాయింట్లతో సమంగా ఉన్నాయి. ఆఖరి రాయి కెనడా స్కిప్ కెవిన్ మార్టిన్ చేతిలో ఉంది. ఆ రోజుల్లో ఆఖరి రాయి ఆయన చేతికి వచ్చిందంటే ఆట అయిపోయిందనే అనుకునేవారు. కానీ ఆ రాయి ఆగాల్సిన చోట ఆగలేదు, కొద్ది అంగుళాలు ముందుకు జారిపోయింది. 6-5 తేడాతో బంగారు పతకం నార్వేకు దక్కింది.

ఆ జట్టు స్కిప్ పోల్ ట్రుల్సెన్. లార్స్ వోగ్‌బర్గ్, ఫ్లెమింగ్ దావాంగర్, బెంట్ ఓనుండ్ రామ్స్‌ఫ్యెల్ ఆయన సహచరులు. ఐదో మనిషి, అంటే రిజర్వు ఆటగాడు, 27 ఏళ్ల టోర్గర్ నెర్గోర్డ్. ఎనిమిదేళ్ల తర్వాత మరో ఒలింపిక్ ఫైనల్లో అదే మార్టిన్‌తో ఆడేందుకు నెర్గోర్డ్ మళ్లీ మంచు మీదికి వచ్చాడు. అప్పుడు అతని స్కిప్ తోమస్ ఉల్స్‌రూడ్. నార్వే కర్లింగ్ చరిత్రలో ప్రపంచం అంతటికీ తెలిసిన పేరు ఉల్స్‌రూడ్‌దే. అయితే చాలామందికి ఆయన రంగురంగుల ప్యాంట్ల వల్లే తెలుసు. ఆ ప్యాంట్ల వెనక ఉన్న ఆట, ఆ ఆట వెనక ఉన్న యాభై ఏళ్ల నార్వే సాధన తెలిసినవాళ్లు తక్కువ.

ముందుగా ఆట సంగతి. దాదాపు 45 మీటర్ల పొడవు, ఐదు మీటర్ల లోపు వెడల్పు ఉన్న మంచు పట్టీ మీద కర్లింగ్ ఆడతారు. పట్టీ ఆ చివర 3.66 మీటర్ల వ్యాసంతో రంగు వలయాలు గీసి ఉంటాయి. ఆ వలయాలను హౌస్ అంటారు. జట్టుకు నలుగురు ఆటగాళ్లు, ఒక్కొక్కరికి రెండు రాళ్లు. రెండు జట్లూ కలిపి పదహారు రాళ్లు వేస్తే ఒక ఎండ్ పూర్తవుతుంది. అలాంటివి పది. ఎండ్ ముగిసేసరికి హౌస్ నడిమధ్యకు దగ్గరగా రాయి ఉన్న జట్టుకే పాయింట్లు. ప్రత్యర్థి రాయి కన్నా దగ్గరగా దానివి ఎన్ని రాళ్లుంటే అన్ని పాయింట్లు. కేరమ్స్ ఆడినవారికి ఇది త్వరగానే అర్థమవుతుంది. ఎదుటివారి రాయిని కొట్టి బయటికి పంపడం, తన రాయిని ఇంకో రాయి చాటున దాచడం, ఒక దెబ్బకు రెండు తీయడం అన్నీ ఇందులో ఉన్నాయి. తేడా అల్లా ఇక్కడి గ్రానైట్ రాయి 20 కిలోల దాకా బరువుంటుంది, దాన్ని చేత్తో వదిలాక అది ముప్పై మీటర్లకు దగ్గరగా ప్రయాణిస్తుంది.

రాయి అడుగుభాగం లోపలికి గుంటగా ఉంటుంది. మంచును తాకేది సన్నటి అంచు ఒక్కటే. మంచు కూడా అద్దంలా నున్నగా ఉండదు. ఆటకు ముందు దాని మీద నీటి తుంపర చల్లుతారు, ఆ చుక్కలు గడ్డకట్టి చిన్న చిన్న బొడిపెలవుతాయి. ఆ బొడిపెల మీద రాయి మెల్లగా తిరుగుతూ సాగి, వేగం తగ్గేకొద్దీ పక్కకు వంగుతుంది. దానికి ముందు ఇద్దరు బ్రష్‌లతో మంచును గట్టిగా రుద్దుతూ పరుగెత్తుతారు. ఆ రాపిడికి మంచు పైపొర క్షణంసేపు వేడెక్కుతుంది. అప్పుడు రాయి ఇంకాస్త దూరం పోతుంది, వంపు తగ్గుతుంది. ఎప్పుడు రుద్దాలో, ఎప్పుడు ఆపాలో అవతలి చివరి నుంచి కేకవేసి చెప్పేవాడే స్కిప్.

కాబట్టి స్కిప్ అంటే ఒట్టి కెప్టెన్ కాదు. మంచును చదవడం, ఏ రాయి ఎక్కడ వేయాలో తేల్చడం, బ్రష్‌ను గురిగా నిలబెట్టి చూపించడం అతని పని. చాలా జట్లలో ఆఖరి రెండు రాళ్లు వేసేదీ అతనే. ముగ్గురు సహచరులు ఆరు రాళ్లతో చేసినదంతా ఆ రెండు రాళ్లతో నిలబడాలి, లేదా వాళ్లు చెడగొట్టింది ఆ రెండు రాళ్లతోనే బాగుపడాలి. ఉల్స్‌రూడ్ జీవితమంతా మోసిన బాధ్యత ఇదే.

ఈ ఆట పుట్టిల్లు స్కాట్లాండ్. 1511 అని తేదీ చెక్కిన రాయి ఒకటి అక్కడ దొరికింది. 1838లో ఎడిన్‌బరోలో ఏర్పడిన క్లబ్ నియమాలను ఒక దారికి తెచ్చింది. నేటికీ ఒలింపిక్స్‌లో వాడే రాళ్ల గ్రానైట్ స్కాట్లాండ్ పశ్చిమ తీరంలోని ఏల్సా క్రెయిగ్ అనే చిన్న దీవి నుంచే వస్తుంది. స్కాట్లాండ్ వలసదారులతో ఆట కెనడాకు చేరి, అక్కడ ఊరూరా పాకింది. 1959లో ఈ రెండు దేశాల మధ్య స్కాచ్ కప్ పేరుతో పోటీలు మొదలయ్యాయి. అదే తర్వాత ప్రపంచ చాంపియన్‌షిప్ అయింది. 1961లో అమెరికా, 1962లో స్వీడన్, 1964లో నార్వే, స్విట్జర్లాండ్ వచ్చి చేరాయి.

నార్వే పరిస్థితి వేరు. అక్కడ శీతాకాలపు ఆట అంటే ముందు స్కీయింగ్. పిల్లలు నడక నేర్చిన కొన్నాళ్లకే స్కీలు కట్టుకుంటారు. కర్లింగ్‌కు అలాంటి ఆదరణ లేదు. ఈ ఆట కోసమే కట్టిన హాళ్లు చాలా కొద్ది. ఓస్లో పక్కనే బేరుమ్ ప్రాంతంలోని స్నారోయా ద్వీపకల్పం మీదున్న హాలు వాటిలో ఒకటి. అక్కడి స్నారోయెన్ క్లబ్ తరఫునే ఉల్స్‌రూడ్ ఆడాడు. ఆడేవాళ్లు తక్కువ కావడంతో ఆట కొన్ని క్లబ్బుల చుట్టూ, కొన్ని కుటుంబాల చుట్టూ తిరిగింది. 2002లో బంగారం గెలిచిన బెంట్ ఓనుండ్ రామ్స్‌ఫ్యెల్, ఆ తరానికి దారి చూపిన ఐగిల్ రామ్స్‌ఫ్యెల్‌కు తమ్ముడు.

ఐగిల్ గురించి చెప్పకుండా నార్వే కర్లింగ్ చరిత్ర చెప్పడం కుదరదు. 1979లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో, క్రిస్టియాన్ సోరుమ్ స్కిప్‌గా నార్వే తొలిసారి ప్రపంచ చాంపియన్ అయింది. ఫైనల్లో ఆతిథ్య దేశం మీద 5-4తో గెలిచింది. పోటీల్లోకి వచ్చిన పదిహేనేళ్లకు దక్కిన ఫలితం అది. ఆ జట్టులో యువకుడైన ఐగిల్ ఉన్నాడు. తర్వాత తానే స్కిప్ అయి 1984లో అమెరికాలోని డులూత్‌లో, 1988లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో మళ్లీ ప్రపంచ టైటిల్ తెచ్చాడు. 1988 ఫైనల్లో ఓడింది కెనడా. లక్షలమంది కర్లింగ్ ఆడే దేశాన్ని, కొద్ది హాళ్లున్న దేశం 5-4తో ఓడించింది. అదే ఏడాది కాల్గరీ ఒలింపిక్స్‌లో కర్లింగ్‌ను ప్రదర్శన క్రీడగా పెడితే అక్కడా పురుషుల విభాగంలో మొదటి స్థానం ఐగిల్ జట్టుదే.

మహిళలూ వెనకబడలేదు. దోర్డి నోర్డ్‌బీ 1990లో స్వీడన్‌లోని వెస్టెరోస్‌లో, 1991లో కెనడాలోని విన్నిపెగ్‌లో వరుసగా రెండుసార్లు ప్రపంచ టైటిల్ గెలిచింది. తర్వాత 1998, 2002, 2006 ఒలింపిక్స్ మూడింటిలోనూ ఆడింది. 2006 ట్యూరిన్‌లో నాలుగో స్థానం, కాంస్యం చేతిదాకా వచ్చి జారిపోయింది. నార్వేలో తర్వాతి ఆటగాళ్లెవరికీ ఆమె అంత సుదీర్ఘమైన కెరీర్ తేలిగ్గా అందేది కాదు.

1994లో ఒలింపిక్స్ నార్వేలోనే, లిల్లెహామర్‌లో జరిగాయి. దేశం దేశమంతా స్టేడియాలకు కదిలింది. ఆ ఆటల్లో కర్లింగ్‌కు మాత్రం చోటు లేదు. 1988, 1992లలో ప్రదర్శనగా ఆడించిన ఆటకు 1998 నుంచి గానీ పతకాల హోదా రాలేదు. ఐగిల్ తరం ఉచ్చస్థితిలో ఉండగా సొంత గడ్డ మీద, సొంత జనం ముందు ఆడే అవకాశం అలా చేజారింది. ఈ విషయంలో నార్వే కర్లర్లకు జరిగిన నష్టం పెద్దది. స్వదేశంలో ఒలింపిక్ పతకం వచ్చి ఉంటే ఆ ఆట ఎన్ని కొత్త ఊళ్లకు చేరేదో. పూర్తి హోదా వచ్చిన 1998 నగానోలో ఐగిల్ జట్టు కాంస్యం తెచ్చింది. నాలుగేళ్లకు ట్రుల్సెన్ జట్టు బంగారం తెచ్చింది.

ఆ బంగారం నీడలోంచే ఉల్స్‌రూడ్ పైకి వచ్చాడు. 1971 అక్టోబర్ 21న పుట్టాడు. 2006 ట్యూరిన్ ఒలింపిక్స్‌కు కూడా నార్వే ట్రుల్సెన్ జట్టునే పంపింది. దేశంలో మేటి జట్టు ఇంకొకటి ఉన్నప్పుడు ఒలింపిక్ బెర్తు కోసం ఎదురుచూడక తప్పదు. ఆ తర్వాత ఉల్స్‌రూడ్ జట్టు కుదురుకుంది. హోవార్డ్ వాద్ పీటర్సన్ మొదటి రాళ్లు, క్రిస్టోఫర్ స్వే రెండో వంతు, టోర్గర్ నెర్గోర్డ్ మూడో వంతు, ఆఖరివి ఉల్స్‌రూడ్‌వి. ఉల్స్‌రూడ్ రాయి వేసేటప్పుడు అవతల హౌస్‌లో బ్రష్ పట్టుకుని గురి చూపించేది నెర్గోర్డ్. రాయి ముందు బ్రష్‌లతో పరుగెత్తేది పీటర్సన్, స్వే. 2008, 2009 ప్రపంచ పోటీలు రెండింటిలోనూ కాంస్యం గెలిచి ఈ జట్టు వాంకూవర్‌కు చేరింది.

వాంకూవర్‌లో ఏం జరిగిందో ఇప్పుడు అందరికీ తెలిసిందే. అంతకుముందు కర్లింగ్ ఆటగాళ్లు సాధారణంగా నల్ల ప్యాంట్లు వేసుకునేవారు. ఒలింపిక్స్ ముందు స్వే ఇంటర్నెట్‌లో వెదికి, కాలిఫోర్నియాకు చెందిన లౌడ్‌మౌత్ అనే గోల్ఫ్ దుస్తుల కంపెనీ నుంచి ప్యాంట్లు తెప్పించాడు. ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో పెద్ద పెద్ద వజ్రాకారపు గళ్లు. నార్వే జెండా రంగులే. గోల్ఫ్ ఆటగాడు జాన్ డేలీ వేసుకునే రకం బట్టలవి. ఆ ప్యాంట్లతో నలుగురూ మంచు మీదికి రాగానే కెమెరాలన్నీ వాళ్ల వైపు తిరిగాయి. ఆ ప్యాంట్ల పేరుతో ఎవరో ఫేస్‌బుక్‌లో తెరిచిన పేజీని ఇష్టపడినవాళ్ల సంఖ్య ఐదు లక్షలు దాటింది. కర్లింగ్ అంటే ఏమిటో తెలియని దేశాల్లో కూడా నార్వే మ్యాచ్ ఎప్పుడని అడిగారు.

ఆ గోలలో మరుగున పడింది వాళ్ల ఆట. లీగ్ దశలో తొమ్మిదింట ఏడు మ్యాచ్‌లు గెలిచారు. సెమీఫైనల్లో స్విట్జర్లాండ్‌ను 7-5తో ఓడించారు. ఫిబ్రవరి 27న ఫైనల్. ఎదుట కెవిన్ మార్టిన్. ఆగ్డెన్‌లో ఆఖరి రాయి జారిన ఆ మనిషే, ఈసారి సొంత దేశంలో, సొంత ప్రేక్షకుల మధ్య ఆడుతున్నాడు. ఆ ఒలింపిక్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా పదకొండుకు పదకొండూ గెలిచాడు. ఫైనల్ 6-3తో కెనడా వశమైంది. ఉల్స్‌రూడ్ జట్టుకు వెండి. రెండు ఫైనల్స్ జట్లలోనూ ఉన్న నెర్గోర్డ్‌కు మార్టిన్ మీద ఒక గెలుపు, మార్టిన్ చేతిలో ఒక ఓటమి. ఆ వసంతంలోనే ఇటలీలోని కొర్తీనాలో జరిగిన ప్రపంచ పోటీల్లోనూ నార్వేకు దక్కింది వెండే. అక్కడా ఫైనల్లో ఓడించింది కెనడా జట్టే.

2010 చివర్లో, 2011లో వరుసగా యూరప్ టైటిల్స్ వచ్చాయి. ప్రపంచ టైటిల్ రాలేదు. 1988 నుంచి నార్వే పురుషులు దాని కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. ఉల్స్‌రూడ్‌కు నలభై దాటాయి.

సోచీ 2014. పతకాల బాట పట్టాలంటే బ్రిటన్‌తో టైబ్రేకర్ గెలవాలి. ఫిబ్రవరి 18న ఆ మ్యాచ్. చివరి ఎండ్ మొదలయ్యేసరికి నార్వే 5-4తో ముందుంది. ఆఖరి రాయి బ్రిటన్‌ది. స్కిప్ డేవిడ్ మర్డోక్ ముందు రెండు దారులున్నాయి. మెల్లగా రాయిని హౌస్‌లోకి జార్చి ఒక పాయింటు తీసుకుంటే స్కోరు సమమవుతుంది, అదనపు ఎండ్ ఆడాలి. లేదా బలంగా కొట్టి నార్వే రాళ్లను తప్పించి ఒక్కసారే రెండు పాయింట్లకు ప్రయత్నించాలి, తప్పితే అక్కడికక్కడే ఇంటిదారి. మర్డోక్ రెండోదే ఎంచుకున్నాడు. రాయి సరిగ్గా తగిలింది. బ్రిటన్ 6, నార్వే 5. ఉల్స్‌రూడ్ చేయగలిగింది ఏమీ లేదు. కర్లింగ్‌లో ఎదుటివాడి ఆఖరి రాయి కదులుతున్నప్పుడు స్కిప్‌కు చూడటం తప్ప వేరే పని ఉండదు. ఆ తర్వాత చేయి చాచి అభినందించాలి. ఆ ఆట ఆచారం అది.

ఏడు వారాలు తిరగకముందే అదే నలుగురు బీజింగ్‌లో దిగారు. ప్రపంచ చాంపియన్‌షిప్ అక్కడ. రిజర్వుగా మార్కుస్ హోయ్‌బర్గ్ ఉన్నాడు. ఏప్రిల్ 6న ఫైనల్, ఎదుట స్వీడన్, దాని స్కిప్ ఓస్కార్ ఎరిక్సన్. ఈసారి ఆఖరి రాయి దాకా ఎదురుచూడాల్సిన అవసరమే లేకుండా 8-3తో నార్వే గెలిచింది. ఇరవయ్యారేళ్ల తర్వాత ప్రపంచ టైటిల్ నార్వేకు తిరిగొచ్చింది. ఓడిపోయిన జట్టు వెంటనే విడిపోవడం కర్లింగ్‌లో మామూలే. ఒలింపిక్ చక్రం ముగిసిందంటే ఆటగాళ్లు జట్లు మారతారు. ఈ నలుగురూ సోచీ తర్వాత కూడా కలిసే ఉండటం ఆ విజయానికి మూలం. పక్కవాడి చేతి బలం, రాయి వదిలే తీరు, బ్రష్ రుద్దే ఊపు ఏళ్ల తరబడి తెలిసిన జట్టుకు ఆఖరి క్షణాల్లో మాటల అవసరం తక్కువ.

మరుసటి ఏడాది కెనడాలోని హాలిఫాక్స్‌లో మళ్లీ ఫైనల్‌కు చేరి స్వీడన్ చేతిలో ఓడి వెండితో సరిపెట్టుకున్నారు. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌కూ ఆ జట్టే వెళ్లింది. ఫిబ్రవరి 14న హృదయాల బొమ్మలున్న ప్యాంట్లతో ఆడి మళ్లీ పత్రికల మొదటి పేజీలకు ఎక్కింది, పతకం మాత్రం రాలేదు. ఆ ఒలింపిక్స్‌లో నార్వేకు కర్లింగ్ పతకం మరో దారిలో వచ్చింది. మిక్స్‌డ్ డబుల్స్‌లో క్రిస్టిన్ స్కాస్లీన్, మాగ్నుస్ నేద్రెగోటెన్ జంట నాలుగో స్థానంలో నిలిచింది. మూడో స్థానం పొందిన రష్యన్ ఆటగాడు డోపింగ్ పరీక్షలో దొరికిపోవడంతో కాంస్యం వీళ్లకు దక్కింది. అది అదృష్టం కాదని నాలుగేళ్లకు బీజింగ్‌లో వెండి గెలిచి నిరూపించారు. 2018లోనే పారాలింపిక్స్ వీల్‌చెయిర్ కర్లింగ్‌లో రూనె లోరెన్సెన్ నాయకత్వంలోని నార్వే జట్టు చైనాతో అదనపు ఎండ్ దాకా పోరాడి వెండి తెచ్చింది.

నెర్గోర్డ్ ఆగలేదు. 2022 బీజింగ్‌లో, కొత్త తరం స్కిప్ స్టెఫెన్ వాల్స్‌టాడ్ జట్టులో ఆడి ఆరో ఒలింపిక్స్ పూర్తి చేశాడు. ఆగ్డెన్‌లో రిజర్వు బల్ల మీద కూర్చున్న కుర్రాడు ఇరవై ఏళ్లపాటు నార్వే కర్లింగ్‌కు వెన్నుదన్నుగా నిలిచాడు.

ఆ ఏడాదే మే 24న తోమస్ ఉల్స్‌రూడ్ క్యాన్సర్‌తో కన్నుమూశాడు. వయసు యాభై. ప్రపంచం నలుమూలల నుంచి కర్లర్లు నివాళులు అర్పించారు. వాళ్లలో ఆయన చేతిలో ఓడినవాళ్లూ ఉన్నారు, ఆయనను ఓడించినవాళ్లూ ఉన్నారు.

ప్యాంట్లు ఆ ఆటకు మేలే చేశాయి. కర్లింగ్ వైపు ఎన్నడూ చూడని లక్షలమంది కళ్లను అవి మంచు మీదికి తిప్పాయి. అందుకు ఆ జట్టు ఎక్కడా చిన్నబుచ్చుకోలేదు, నలుగురూ ఆ ఆదరణను సంతోషంగా స్వీకరించారు. అయినా ఉల్స్‌రూడ్‌ను అంతవరకే గుర్తుపెట్టుకోవడం ఆయనకు అన్యాయం. ఒలింపిక్ వెండి, రెండు యూరప్ టైటిల్స్, ఒక ప్రపంచ టైటిల్ ఆయన చేతి ఆఖరి రాళ్ల మీద నిలబడి వచ్చినవి. సోచీలో అలా ఓడిన ఏడు వారాలకే బీజింగ్‌లో ప్రపంచ విజేతగా నిలవగలగడం ఏ స్కిప్‌కైనా గొప్ప. ఆ తర్వాత 2025 వరకు జరిగిన ప్రపంచ పోటీల్లో టైటిల్స్ స్వీడన్, కెనడా, స్కాట్లాండ్‌ల మధ్యే తిరిగాయి. నార్వే పురుషులు గెలిచిన చివరి ప్రపంచ టైటిల్ ఉల్స్‌రూడ్ జట్టుదే.